డిజిటల్ బ్రేక్ ఎవరికి, ఎంత అవసరమో కొలవడం ఎలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఏ. సైకాలజీ చివరి ఏడాది. డిజిటల్ పరికరాల నుంచి విరామం ఎవరికి ఎంత అవసరమో కొలిచే ప్రశ్నావళిని తెలుగులో తయారు చేసి డిసర్టేషన్‌గా ఇవ్వాలనుకుంటున్నారు. 200 మంది డిగ్రీ విద్యార్థుల దగ్గర ఫోన్‌లోని స్క్రీన్ టైమ్ స్క్రీన్‌షాట్ తీసుకుంటారు, కొరియావాళ్ళ స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేల్‌ను అనువదించి వాళ్ళ చేత నింపిస్తారు, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకు బ్రేక్ అవసరమని తేలుస్తారు. ఇది మీ ప్లాన్. ఇది సరిపోతుందా, కటాఫ్ ఎంత పెట్టాలి అని అడిగారు.

సరిపోదండీ. ఈ దారిలో వెళ్తే మీరు కొలవాలనుకున్నది ఒకటి, చివరికి కొలిచేది మరొకటి అవుతుంది. పదిహేనేళ్ళకు పైగా సైకాలజీ ప్రశ్నావళులు తెలుగులోకి తేవడం, కొత్తవి తయారు చేయడం, విద్యార్థుల చేత చేయించడం నా పని. ఈ టాపిక్ పట్టుకుని ఏటా ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారు, ఏటా ఇక్కడే ఇరుక్కుంటారు. మీకు ఇంకా టైమ్ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు స్క్రీన్ టైమ్ సంగతి. 2018లో ఆపిల్ స్క్రీన్ టైమ్, గూగుల్ డిజిటల్ వెల్‌బీయింగ్ వచ్చాక గంటల లెక్క తెలుసుకోవడం తేలికైంది. అంతకుముందు "రోజుకు ఎన్ని గంటలు వాడతారు?" అని అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకునేవాళ్ళం. మనిషి చెప్పే లెక్కకూ ఫోన్ చెప్పే లెక్కకూ అంతంతమాత్రమే పొంతన ఉంటుంది. 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో పారీ బృందం అలాంటి పోలికలన్నీ ఒకచోట చేర్చి చూస్తే రెండింటి మధ్య సహసంబంధం సుమారు 0.38 వచ్చింది (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే 1, అసలు పొంతన లేకపోతే 0). కాబట్టి వాళ్ళ నోటి మాట కన్నా ఫోన్ లెక్క తీసుకోవాలన్న మీ ఆలోచన అంతవరకు మంచిదే. చిక్కల్లా ఆ గంటలకు అర్థం ఏమిటన్న దగ్గరే.

మా వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడ ఉంది. మిషన్ పక్కన గోడకు మేకు కొట్టి, దానికి చిన్న స్టాండు తగిలించి ఫోన్ పెట్టుకుంటుంది. కస్టమర్లు పంపిన మెడ డిజైన్ల ఫొటోలు దాంట్లోనే చూస్తుంది, కొలతలు వాయిస్ మెసేజ్‌లో విని సుద్దముక్కతో గుడ్డ మీద గీస్తుంది, మధ్యాహ్నం నుంచి పాటలు పెట్టుకుంటుంది. ఆవిడ ఫోన్‌లో రోజుకు 9 గంటలు కనిపిస్తుంది. "సాయంత్రానికి ఫోన్ అంటే ఎలా ఉంటుందమ్మా?" అని అడిగితే, "నడుం లాగుతుంది మేడమ్, ఫోన్‌కేముంది" అంది. దుకాణం కట్టేశాక అది ఎక్కడుందో కూడా పట్టించుకోదు.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. అతని స్క్రీన్ టైమ్ 3 గంటలు దాటదు. కానీ పరీక్ష వాయిదా పడిందా, కీ వచ్చిందా, కేసు ఏమైంది అంటూ పది నిమిషాలకోసారి టెలిగ్రామ్ గ్రూపు తెరుస్తాడు. చూసేది అర నిమిషమే. మళ్ళీ పుస్తకంలోకి వచ్చేసరికి చదువుతున్న పేజీ మనసులోంచి జారిపోయి ఉంటుంది. రాత్రి లైటు ఆర్పాక కూడా ఫోన్ మోగినట్టు అనిపించి లేచి చూస్తాడు. మీ పద్ధతిలో కొలిస్తే బ్రేక్ అవసరమైన మనిషి ఆవిడ, అతను కాదు. నిజం తలకిందులుగా ఉంది.

ఇక అడిక్షన్ స్కేళ్ళు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. 1996లో అమెరికాలో కింబర్లీ యంగ్ 8 ప్రశ్నలతో ఇంటర్నెట్ వ్యసనాన్ని కొలవడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నలకు మూలం జూద వ్యసనానికి వాడే లక్షణాల పట్టిక. 8లో 5కు అవునంటే వ్యసనం కింద లెక్క. తర్వాత 1998లో ఆవిడే 20 ప్రశ్నల పరీక్ష తెచ్చారు. మీరు ఎంచుకున్న కొరియా స్కేల్ 2013 నాటిది. పెద్దదానిలో 33 ప్రశ్నలు, చిన్నదానిలో 10. చిన్నదానికి 60 మార్కులు, కటాఫ్ అబ్బాయిలకు 31, అమ్మాయిలకు 33. నార్వేలోని బెర్గెన్‌లో తయారైన సోషల్ మీడియా స్కేల్‌లో 6 ప్రశ్నలే. ఎప్పుడూ దాని మీదే ధ్యాస, మోతాదు పెరగడం, మూడ్ మార్చుకోవడానికి వాడటం, మానలేకపోవడం, లేకపోతే విలవిల్లాడటం, చదువుకో పనికో దెబ్బ తగలడం, ఇలా లక్షణానికి ఒకటి.

ఇవన్నీ "ఈ మనిషికి జబ్బుందా?" అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతాయి. ఆ ప్రశ్న అడగాల్సిన సందర్భాలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అక్కడ కూడా అదుపు తప్పడం, మిగతా జీవితమంతా పక్కకు పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం చూస్తారు, అదీ మామూలుగా 12 నెలల పాటు. మీ ప్రశ్న వేరు. జబ్బు లేని మామూలు మనిషికి కూడా బ్రేక్ అవసరం పడుతుంది. రోజంతా పొలం పని చేసినవాడికి నడుం వాల్చాలనిపిస్తే అతనికి పొలం వ్యసనమని ఎవరూ అనరు.

ఈ పద్ధతి ఎంత దూరం తప్పుదారి పట్టించగలదో 2021లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. అడిక్షన్ స్కేళ్ళ ప్రశ్నల్లో సోషల్ మీడియా ఉన్నచోట "స్నేహితులతో నేరుగా గడపడం" అని మార్చి ఒక ప్రశ్నావళి తయారు చేసి, 800 మందికి పైగా జనానికి ఇచ్చారు. అదే రకం కటాఫ్ పెడితే అందులో 69 శాతం మంది స్నేహితుల వ్యసనపరులని తేలింది. ఈ పేపరు మీ గైడ్‌కు తప్పకుండా చూపించండి. నేను చెప్పడం కన్నా అది గట్టిగా చెబుతుంది.

మరి "అవసరం" అంటే ఏమిటి? ఆకలి కొలవాలంటే నిన్న ఎంత తిన్నారని అడగం. ఇప్పుడు కడుపు ఎలా ఉందని అడుగుతాం. బ్రేక్ అవసరాన్ని కూడా వాడకంలో కాకుండా, వాడకం ఆగాక మిగిలిన స్థితిలో వెతకాలి. ఉద్యోగ మనస్తత్వశాస్త్రంలో దీనికి మంచి ఒరవడి ఉంది, మన విద్యార్థులు అటు తక్కువ చూస్తారు. నెదర్లాండ్స్‌లో వాన్ వెల్ద్‌హోవెన్, బ్రుర్సెన్ 2003లో ప్రచురించిన 'నీడ్ ఫర్ రికవరీ' స్కేల్ 11 అవును-కాదు ప్రశ్నలది. ఎన్ని గంటలు పని చేశారని అందులో ఉండదు. పనయ్యాక స్థిమితపడటానికి ఎంతసేపు పడుతోంది, ఇంటికొచ్చాక కాసేపు ఎవరూ పలకరించకపోతే బాగుండనిపిస్తోందా, సాయంత్రానికి వేరే పని మీద మనసు నిలుస్తోందా, ఇలాంటివే ఉంటాయి. 2007లో సొనెన్‌టాగ్, ఫ్రిట్జ్ తెచ్చిన 16 ప్రశ్నల స్కేల్ దీనికి రెండో వైపు చూస్తుంది. తేరుకోవడానికి మనిషికి ఏమి దొరుకుతున్నాయో అడుగుతుంది. పని ధ్యాస నుంచి విడిపడటం, సేద తీరడం, ఏదైనా కొత్తది నేర్చుకోవడం, తన సమయం తన చేతిలో ఉండటం అని నాలుగు భాగాలు. నేను మీ స్థానంలో ఉంటే ఈ రెండింటినీ పక్కన పెట్టుకుని మొదలుపెడతాను, అడిక్షన్ స్కేల్‌ను పోలిక కోసం మాత్రమే చివర్లో జత చేస్తాను.

నా అనుభవంలో ఈ అవసరానికి మూడు పాయలు ఉన్నాయి. ఒకటి ఒంటి అలసట. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం, తెర మీద చూపు నిలిపినప్పుడు అది సగానికో ఇంకా తక్కువకో పడిపోతుంది. అందుకే కళ్ళు ఎండటం, మంట. కంటి డాక్టర్లు 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమని చెప్పేది ఇందుకే. మెడ, బొటనవేలు, నిద్ర కూడా ఈ పాయలోవే. దీని గురించి ప్రశ్నలు రాయడం తేలిక, జనం జవాబు కూడా సూటిగా చెబుతారు, కాబట్టి ఇక్కడ ఎక్కువ ఆగను. రెండోది మనసు విడిపడకపోవడం. ఫోన్ పక్కన పెట్టాక కూడా లోపల అది నడుస్తూనే ఉండటం, అశోక్‌నగర్ అబ్బాయికి జరిగేది. మూడోది చుట్టూ ఉన్న మనుషులకూ పనులకూ దూరం కావడం, అది తనకే తెలిసి బాధగా ఉండటం. ఆ బాధ ముఖ్యం. ఇంట్లోవాళ్ళు తిడుతున్నారా అని అడిగితే మీకు వచ్చేది ఇంట్లోవాళ్ళ స్కోరు.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. తెలుగులో ప్రశ్నలు రాయడం.

మీరు అనువాదం చేసి, వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, రెండూ సరిపోయాయి కాబట్టి బాగుంది అనుకుంటారు. తిరుగు అనువాదంలో మాట సరిపోయినంత మాత్రాన మనిషికి అర్థమైందని కాదు. మేం ఒకసారి "ఫోన్ దగ్గర లేకపోతే నాకు ఆందోళనగా ఉంటుంది" అన్న వాక్యం పెట్టాం. డిగ్రీ మొదటి ఏడాది అబ్బాయి, పల్లెటూరి నుంచి వచ్చినవాడు, పెన్ను ఆపి "ఆందోళన అంటే ధర్నా కదా మేడమ్, దానికీ ఫోన్‌కీ ఏంటి?" అని అడిగాడు. తప్పు అతనిది కాదు. పేపర్లో, టీవీలో ఆ మాట అతను రోజూ వినేది ఆ అర్థంలోనే. "ఫోన్ ఇంట్లో మర్చిపోయి కాలేజీకి వస్తే ఎలా ఉంటుందో నీ మాటల్లో చెప్పు" అన్నాను. కాస్త ఆలోచించి, "చెయ్యి ఊరికే జేబులోకి పోతుంది మేడమ్. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది" అన్నాడు. ఆ రెండు వాక్యాలే మా ప్రశ్నావళిలోకి వెళ్ళాయి. పుస్తకం చూసి రాసిన వాక్యాల కన్నా అవి బాగా పనిచేశాయి.

ఇంకో వాక్యం, "నిద్ర లేవగానే మొదట ఫోన్ చూస్తాను." ఇంచుమించు ప్రతి స్కేల్‌లోనూ దీని తమ్ముడో చెల్లో ఉంటుంది. హాస్టల్ అమ్మాయి ఒకామె దీనికి అన్నిటికన్నా ఎక్కువ మార్కు వేసింది. ఎందుకమ్మా అంటే, "అలారం దాంట్లోనే కదా, ఆపకపోతే గదిలోవాళ్ళు అరుస్తారు" అంది. ఆ జవాబులో అలసట లేదు, వ్యసనమూ లేదు. అదే అమ్మాయిని కదిలిస్తే వేరే సంగతి బయటికొచ్చింది. ఇంట్లో అమ్మకు ఒంట్లో బాగుండటం లేదట, రాత్రి ఎప్పుడు ఫోన్ వస్తుందోనని సైలెంట్‌లో పెట్టదట, నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదట. అలారం ప్రశ్న దగ్గరే ఆగి ఉంటే ఆమె గురించి మాకు తెలిసేది సున్నా.

అందుకే చెబుతున్నాను, ఒక్క వాక్యం రాయకముందే కనీసం 15, 20 మందితో ఒక్కొక్కరిగా కూర్చుని మాట్లాడండి. డిగ్రీ పిల్లలే కాదు, కాల్ సెంటర్‌లో చేసేవాళ్ళు, ఆశా వర్కర్లు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు, రిటైరైనవాళ్ళు. "ఫోన్ చూసి చూసి ఇక చాలు అనిపించిన రోజు ఒకటి చెప్పండి" అని అడిగి ఊరుకోండి. వాళ్ళు వాడిన మాటలు వాడినట్టే రాసుకోండి. నాకు దొరికినవి కొన్ని: కళ్ళు లాగేస్తున్నాయి. బుర్ర వేడెక్కింది. తల దిమ్ముగా ఉంది. ఇంట్లో ఉన్నా ఇంట్లో లేనట్టే ఉంది. తెలంగాణ పిల్లలు "యాష్టకొచ్చింది" అంటారు, రాయలసీమలో "బేజారైంది" అంటారు. ఇవి ప్రశ్నల్లో పెట్టొద్దు, పక్క జిల్లా వాళ్ళకు తెలియకపోవచ్చు. కానీ ఆ మాట వెనక ఏముందో పట్టుకుంటే "చిరాకు", "విసుగు" లాంటి అందరికీ తెలిసిన మాట ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తెలుస్తుంది. "పరికరాలు" అన్న మాట కూడా వదిలేయండి. ఫోన్, టీవీ, కంప్యూటర్ అని విడివిడిగా రాయండి. పరికరం అంటే పల్లెల్లో పలుగు, పార గుర్తొస్తాయి.

వ్యతిరేక వాక్యాలతో మన భాషలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు స్కేళ్ళలో జనం గుడ్డిగా టిక్కులు పెట్టకుండా కొన్ని వాక్యాలు తిప్పి రాస్తారు. మనం కూడా అలాగే "ఫోన్ చూడకుండా నిద్రపోలేను" అని రాసి అవును-కాదు పెడితే, ఒకరు "అవును, పోలేను" అనే అర్థంలో అవును పెడతారు, మరొకరు "అవును, చూడకుండానే పోతాను" అనుకుని అదే పెడతారు. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి, తల ఊపిన తీరును బట్టి తెలిసిపోతుంది, కాగితం మీద తెలియదు. వాక్యాలు తిప్పాలనుకుంటే "లేదు", "కాదు" రాకుండా తిప్పండి. "ఫోన్ పక్కన పెట్టిన రోజు హాయిగా నిద్ర పట్టింది" అన్నది తిప్పిన వాక్యమే, అందులో తికమక లేదు.

"తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా" అనే మెట్లూ ఇంతే. తరచుగా అంటే ఒకరికి రోజుకు పదిసార్లు, ఇంకొకరికి వారానికి రెండుసార్లు. నేను ఇప్పుడు "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది?" అని అడిగి 0 నుంచి 7 వరకు అంకె రాయమంటున్నాను. మాటల కన్నా రోజులు లెక్కపెట్టడం అందరికీ తేలిక, బడికి ఎక్కువ వెళ్ళనివాళ్ళకు మరీ తేలిక.

నమూనాకు కొన్ని వాక్యాలు ఇస్తున్నాను. ఇవి మీరు పరీక్షించి చూడటానికే, ఉన్నవి ఉన్నట్టు వాడటానికి కాదు. ఒంటి అలసటకు: "ఫోన్ లేదా కంప్యూటర్ పక్కన పెట్టాక కూడా కళ్ళ మంట తగ్గడానికి చాలాసేపు పట్టింది." మనసు విడిపడకపోవడానికి: "వేరే పనిలో ఉన్నా, ఫోన్‌లో చూసినవే మనసులో తిరిగాయి." "ఫోన్ మోగకపోయినా మోగినట్టు అనిపించింది." మూడో పాయకు: "ఎదుటివాళ్ళు చెప్పేది వింటూ మధ్యలో ఫోన్ చూసి, తర్వాత బాధపడ్డాను." ఒక్కో వాక్యంలో ఒక్క సంగతే ఉండాలి. "కళ్ళ మంట, తలనొప్పి వచ్చాయి" అని రాస్తే ఒకటే ఉన్నవాడు ఏం చేయాలి?

మీ ప్లాన్‌లో అస్సలు లేనిదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇంకొకటి ఉంది. బ్రేక్ అవసరం వేరు, తీసుకునే వీలు వేరు. క్యాబ్ నడిపే డ్రైవర్‌కు కళ్ళు లాగుతున్నా యాప్ కట్టేస్తే ఆ పూట బేరం పోతుంది. స్కూల్ టీచరమ్మ రాత్రి పదింటికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూడకపోతే పొద్దున మాట పడాలి. వీళ్ళకు అవసరం స్కోరు ఎక్కువ వస్తుంది. ఆ స్కోరు చూసి "మనసు అదుపులో పెట్టుకోండి, ఫోన్ దూరంగా పెట్టండి" అని సలహా ఇస్తే అది అన్యాయం. వాళ్ళు ఆపుకోలేక చూడటం లేదు, ఆపనివ్వక చూస్తున్నారు. ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో పని వేళలు దాటాక డిస్‌కనెక్ట్ అయ్యే హక్కును చట్టంలో పెట్టింది ఇందుకే. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడగావ్‌లో 2022 నుంచి సాయంత్రం 7కు సైరన్ మోగిస్తున్నారు, గంటన్నర పాటు ఊరంతా ఫోన్లు, టీవీలు కట్టేస్తారు. అక్కడ ఒక్కడే ఫోన్ కట్టేసి వెనకబడతానన్న భయం లేదు, అందరూ కలిసి కట్టేశారు కాబట్టి.

కాబట్టి ఇంకో అయిదారు ప్రశ్నలు విడిగా పెట్టండి. "ఈ వారంలో గంటసేపు ఫోన్ ఆపేయాలనుకున్నారా?" "ఆపగలిగారా?" "ఆపలేకపోతే కారణం ఏమిటి?" ఈ మూడోదానికి పని, ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం, చదువు, మనసొప్పకపోవడం అని విడివిడిగా గళ్ళు ఇవ్వండి. ఈ మార్కులను అవసరం మార్కుల్లో కలపకండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, అవసరం ఎక్కువుండి వీలు లేనివాళ్ళు ఎవరో కనిపిస్తారు. మీ థీసిస్‌లో పనికొచ్చే పేజీ అదే అవుతుందని నా నమ్మకం.

లెక్కల గురించి క్లుప్తంగా. 40 వాక్యాలతో మొదలుపెట్టి 18, 20కి దించండి. ఏ వాక్యాలు ఒక గుంపుగా కలిసి నడుస్తున్నాయో చూసే ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌కు 200 మంది అంచు మీద ఉన్నట్టు, వీలైతే 300 చేయండి. మూడు పాయలు నిజంగా ఉన్నాయా లేదా అన్నది రెండోసారి వేరే మనుషుల మీద చూడాలి, ఆ 200 మందినే మళ్ళీ వాడి చూపిస్తే నిలబడదు. వాక్యాలకు ఒకదానితో ఒకటి ఎంత పొందిక ఉందో చెప్పడానికి క్రోన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా అనే అంకె 0.90 దాటిందని సంబరపడకండి. ఒకే మాటను నాలుగు రకాలుగా అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. రెండు వారాల తర్వాత మళ్ళీ నింపించి పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. బ్రేక్ అవసరం ఎత్తు, బరువు లాంటిది కాదు, రోజుకోలా ఉంటుంది. మొదటిసారి సెమిస్టర్ పరీక్షల ముందు, రెండోసారి సెలవుల్లో తీసుకుంటే స్కోరు మారుతుంది, మారాలి కూడా. వారంలో అదే రోజు, అదే వేళ చూసుకోండి.

స్కేల్ నిజంగా అవసరాన్నే కొలుస్తోందా అన్నదానికి నాకు నచ్చిన పరీక్ష ఒకటే. బ్రేక్ ఇచ్చి చూడటం. 2018లో అమెరికాలో ఆల్కాట్ బృందం కొందరి చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించింది. వాళ్ళకు రోజుకు సుమారు గంట మిగిలింది, సంతోషం కాస్త పెరిగింది, కానీ పెరిగింది కొద్దిగానే. అది సగటు. సగటులో బాగా తేరుకున్నవాళ్ళూ ఉంటారు, ఏ తేడా లేనివాళ్ళూ ఉంటారు, విసుగెత్తినవాళ్ళూ ఉంటారు. మీ ప్రశ్నావళి మంచిదైతే ఎవరు బాగా తేరుకుంటారో ముందే చెప్పగలగాలి. 200 మందిలో ఒప్పుకున్న 40 మందిని తీసుకోండి, ఆదివారం ఒక్కరోజు ఫోన్ కాల్స్ తప్ప మిగతావి ఆపమనండి, శనివారం రాత్రీ సోమవారం పొద్దునా ఎలా ఉందో అడగండి. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్ళు ఎక్కువ తేలికపడితే మీ స్కేల్ నిలబడినట్టే. ఎవరికీ తేడా లేకపోతే అది కూడా నిజాయితీగా రాయండి, ఏ గైడూ దానికి మార్కులు తగ్గించకూడదు.

కటాఫ్ అడిగారు. పెట్టవద్దు. కొరియా స్కేల్‌లోని 31, 33 ఆ దేశపు టీనేజీ పిల్లలను చూసి నిర్ణయించినవి. అవి మన గుంటూరు డిగ్రీ పిల్లలకు ఎందుకు వర్తిస్తాయో చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. మీ శాంపిల్‌లో ఎవరు ఎక్కడున్నారో శాతాల్లో చూపించండి, అక్కడితో ఆపండి. గీత గీయగానే గీతకు అటున్నవాళ్ళకు పేరు పడుతుంది. నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు ఒక కాలేజీలో ఇలాంటి సర్వే చేశాను. స్కోర్లు వచ్చాక యాజమాన్యం ఎక్కువ వచ్చిన పిల్లల పేర్లు ఇమ్మంది. ఇవ్వలేదు. కానీ ఫారాల మీద రోల్ నంబర్లు ఉంచడం నా పొరపాటు, ఒక కట్ట ఆఫీసు గదిలో రెండు రోజులు ఉండిపోయింది. తర్వాతి వారం ముగ్గురు ఆడపిల్లల ఇళ్ళకు ఫోన్లు వెళ్ళాయని తెలిసింది. ఒక పిల్ల దగ్గర ఫోన్ లాగేసుకున్నారు, ఆమె నోట్సన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నా ఫారాల మీద పేరు, నంబరు ఏదీ ఉండదు. రెండోసారి పోల్చాలంటే పిల్లలే ఒక గుర్తుమాట పెట్టుకుంటారు.

స్క్రీన్‌షాట్లు కూడా ఇందుకే వద్దంటున్నాను. అందులో ఏ యాప్ ఎంతసేపు అని పేర్లతో సహా ఉంటుంది. ఎవరు ఏ యాప్ వాడుతున్నారో తెలుసుకునే హక్కు మనకు లేదు. మొత్తం గంటలు, ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు, ఈ రెండు అంకెలు వాళ్ళే చూసి రాస్తే చాలు. ఒకే ఫోన్ ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుతుంటే అది కూడా ఒక గడిలో టిక్ పెట్టించండి, లేకపోతే తమ్ముడి ఆటలన్నీ అక్క లెక్కలో పడతాయి.

సర్వే చేస్తుంటే ఎవరో ఒకరు నిజంగా కష్టంలో ఉన్నట్టు కనిపిస్తారు. నిద్ర బొత్తిగా లేకపోవడం, ఆట మానలేక కాలేజీ మానేయడం, బతకాలని లేదనడం లాంటివి. దానికి ముందే సిద్ధంగా ఉండండి. ఫారం చివర అందరికీ టెలీ మానస్ నంబరు 14416 అచ్చు వేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఉచితం. గేమింగ్, ఇంటర్నెట్ సమస్యలకే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అయినా మొదట మీ యూనివర్సిటీ కౌన్సిలర్‌తో మాట్లాడి, అవసరమైతే పంపడానికి ఒక మనిషిని ఏర్పాటు చేసుకున్నాకే ఫారాలు పంచండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఈ వారం స్కేల్ అనువాదం పక్కన పెట్టి, ఒక నోట్‌బుక్ తీసుకుని అయిదుగురితో మాట్లాడండి. అందులో ఒకరైనా మీ వయసు వాళ్ళు కానివాళ్ళు ఉండాలి. వాళ్ళు అన్న మాటల్లోంచి ఒక పది వాక్యాలు తయారు చేసి ఇక్కడే పెట్టండి. ఏది రెండు అర్థాలు ఇస్తోందో, ఏది ఎవరికి తెలియదో నేను చూసి చెబుతాను.